పందెం నిమిషం, పంచాయితీ వారం

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ సంతలో కోడిపందెం చూడ్డానికి వచ్చిన కొత్తవాళ్ళు బరి చుట్టూ మూగుతారు. అలవాటు పడ్డవాళ్ళు కాసేపు తొంగిచూసి, పక్కనున్న ఇప్పచెట్టు కిందికి పోయి కూచుంటారు. బరిలో జరిగేది ఎంతసేపని? కాళ్ళకి కత్తులు కట్టిన పుంజులు రెండూ ఎగిరి ఒకసారి, మహా అయితే మూడుసార్లు తగులుకుంటాయి. ఒకటి కూలబడుతుంది. చెట్టు కింద సాగేదే అసలు వ్యవహారం. సోమవారం తోకాపాల్ సంతలో మొదలైన మాట శుక్రవారం లోహండీగూడ సంతకి చేరినా తెగదు. ఫలానావాడి పుంజు ఎందుకు ఓడింది? దాన్ని ఎక్కణ్ణుంచి తెచ్చాడు, ఎంత పోశాడు? ఆ డబ్బుతో ఇంట్లోనే నాలుగు పిల్లల్ని పెంచుకోలేకపోయాడా? వచ్చే చలికాలానికి వాడి దగ్గర ఏం మిగిలింది? వాడు మళ్ళీ లేస్తాడా, లేక ఇక వాడి పని అయిపోయినట్టేనా?

నేను పందెం కాయను. గూడ్సు గార్డుగా ఉద్యోగం చేసినన్నాళ్ళూ గవర్నమెంటు నౌకరీ భయం. రిటైరయ్యాక పింఛను డబ్బు మీద మా ఆవిడ భయం. మాది శృంగవరపుకోట దగ్గర పల్లెటూరు. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా పోయే కేకే లైన్లో ఇనుపరాయి బండ్ల వెనక బ్రేక్‌వ్యానులో కూచుని జీవితం గడిపేశాను. పిల్లల చదువుల కోసం జగదల్‌పూర్‌లో ఇల్లు కట్టుకుని అక్కడే ఉండిపోయాను. పక్కిల్లు దర్భా వైపు నుంచి వచ్చిన ధుర్వా ఆదివాసీ కుటుంబం. ఆ ఇంటి పెద్దాయన్ని నేను దాదా అంటాను, ఆయన నన్ను గార్డ్‌బాబూ అంటాడు. ఆయన భార్య మా ఆవిడకి దీదీ, కాబట్టి నాకూ దీదీయే. నాకు తెలిసిన కోళ్ళ చరిత్ర సగం ఆ ఇంటి అరుగు మీద విన్నది, తక్కిన సగం సంతలో విన్నది.

ముందు జోడీ కుదిర్చే తంతు చెప్పాలి. వాదనకి విత్తు అక్కడే పడుతుంది. పుంజుని చంకలో పెట్టుకుని ఒకడు సంతంతా తిరుగుతాడు. అమ్మేవాడిలా కనబడడు, కొనేవాడిలా కనబడడు, ఏదో పని మీద పోతున్నట్టు నడుస్తాడు. సరిజోడు కనబడగానే ఎదురుగా గొంతుక్కూచుంటాడు. అవతలివాడూ కూచుంటాడు. రెండు పుంజుల్నీ ఎదురెదురుగా పట్టుకుని ముక్కులు తాకనిస్తారు. మెడ ఈకలు ఎలా నిక్కాయి, కన్ను తిప్పిందా లేదా అన్నది ఆ రెండు క్షణాల్లో చూసుకోవాలి. తరవాత ఒకరి పుంజుని ఒకరు చేతిలోకి తీసుకుని బరువు చూస్తారు. త్రాసు ఉండదు, అరచెయ్యే త్రాసు. ఛాతీ ఎముక మీద బొటనవేలు పెట్టి వెనక్కి లాగుతారు. కాలి మీద పొలుసుల వరస చూస్తారు. రెక్క విప్పి ఈకలు లెక్కపెడతారు. ఇదంతా అయ్యాక నూటికి తొంభైసార్లు ఇద్దరూ తల అడ్డంగా ఊపి లేచిపోతారు. చుట్టూ చేరిన జనం మాత్రం లేవరు. "కుదిరితే బావుండేది" అని కొందరు, "కుదరకపోవడమే వీడి అదృష్టం" అని కొందరు. జరగని పందెం గురించి గంటసేపు కొట్టుకోవడం నేను అక్కడే చూశాను.

కుదిరిందంటే కత్తి కట్టేవాడి దగ్గరికి పోతారు. బస్తర్‌లో ఆ కత్తిని కాతి అంటారు. గోదావరి జిల్లాల్లో కట్టే కత్తికి దీనికి చుట్టరికం ఉంది కానీ ఊరికో వంపు, కమ్మరికో పొడుగు. కత్తులు కట్టేవాడు వాటిని గుడ్డలో చుట్టి, ఆ మూటని నడుముకి దోపుకుంటాడు. ఏ పుంజుకి ఏ కత్తి అన్నది అతనే తేలుస్తాడు. యజమాని పుంజుని బోర్లా పట్టుకుంటే, ఇతను దారాన్ని పళ్ళతో లాగి బిగిస్తూ కాలికి చుడతాడు. వదులైతే కత్తి తిరిగిపోతుంది, బిగువైతే కాలు తిమ్మిరెక్కుతుంది. ఓడిన ప్రతివాడూ మొట్టమొదట అనే మాట "కట్టు సరిగ్గా లేదు" అనే. ఓడిన జట్టు తప్పంతా కోచ్ మీదికి నెట్టేసినట్టన్న మాట. చచ్చిన పుంజు గెలిచినవాడి ఇంటికి పోతుంది, అందులో కత్తి కట్టినవాడికీ వాటా ముడుతుంది. గెలిచినవాడి ఇంట్లో ఆ రాత్రి కూర. ఓడినవాడి ఇంట్లో ఆ రాత్రి లెక్కలు.

ఈ ఊసులు మనకి కొత్తవేం కావు. దండి సంస్కృతంలో చెప్పిన దశకుమారుల కథల్లో ప్రమతి అనేవాడు శ్రావస్తికి పోతూ దారిలో ఒక వర్తకుల ఊళ్ళో కోడిపందెం దగ్గర ఆగుతాడు. జోడీ చూసి నవ్వుతాడు. తూర్పువాళ్ళ పుంజు ఒక జాతిది, పడమటివాళ్ళది ఇంకో జాతిది, బలంలోనూ ఒంట్లోనూ పొంతన లేని వాటిని ఎలా దింపారయ్యా అని. పక్కనున్న ముసలి బ్రాహ్మడు "ఊరుకో, ఈ తెలివితక్కువవాళ్ళకి చెప్పకు" అన్నట్టు కన్ను గీటి, తాంబూలం ఇచ్చి నోరు మూయిస్తాడు. తన వైపు పుంజు గెలిచాక అతనితో స్నేహం కలుపుకుంటాడు. ఆ కథల్ని 13వ శతాబ్దంలో కేతన తెలుగు చేశాడు. సంతలో ఆ ముసలి బ్రాహ్మణ్ణి నేను ప్రతి వారం చూస్తాను. మాట తెలిసీ చెప్పనివాడు, చెప్పబోయేవాడికి ఆకు చుట్టి ఇచ్చేవాడు, సాయంత్రానికి జేబు నిండినవాడు.

క్రీడాభిరామం అనే పాత తెలుగు వీధినాటకంలో మంచనశర్మ, టిట్టిభసెట్టి ఓరుగల్లు వీధులన్నీ తిరుగుతూ కోడిపందెం దగ్గరా ఆగుతారు. 1323లో ఆ ఓరుగల్లు పడిపోయాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు ఇంద్రావతి వైపు వచ్చి రాజ్యం కట్టాడని, బస్తర్ రాజులది ఆ వంశమేనని ఇక్కడ అందరూ చెప్పుకుంటారు. ఈ రెంటినీ ముడేసి, కోడిపందేన్ని బస్తర్‌కి తెచ్చింది మనమేనని జగదల్‌పూర్ తెలుగువాళ్ళు కొందరు మీసం తిప్పుతుంటారు. నాకు ఆ మాట రుచించదు. బస్తర్ అడవిలో అడవికోడి కూత ఇవాళ్టికీ వినబడుతుంది. ఇక్కడి గూడేల్లో దేవుడికి ఏం చేసినా కోడి లేకుండా జరగదు. ఏ రంగు కోడి ఏ దేవతకన్నది పూజారి చెబుతాడు. ఇన్ని కోళ్ళ మధ్య బతికినవాళ్ళకి రెండు పుంజుల్ని ఎదురెదురుగా నిలబెట్టాలన్న ఆలోచన రావడానికి ఓరుగల్లు నుంచి రాజు దిగిరావాలా? మన దగ్గర పల్నాట బ్రహ్మనాయుడు తన పుంజు చిట్టిమల్లు పోయాక రాజ్యమే వదిలి ఏడేళ్ళు అడవికి పోయిన కథ ఉంది. బస్తర్ కథల్లో కోడికి అంత రాజకీయం పెట్టలేదు. అది వాళ్ళ తెలివి.

దాదా చిన్నతనంలో పుంజుని డబ్బిచ్చి కొనడమనేది ఉండేదే కాదట. సంతలో డబ్బే తక్కువ. అడవి నుంచి తెచ్చిన సారపప్పు పోసి ఉప్పు తీసుకుపోయే రోజులు. ఉప్పు అమ్మే సేఠ్‌లు బాగుపడిందీ ఆ తూకంలోనే. పందెం పుంజు చుట్టరికంలో వచ్చేది. మేనమామ ఇంటి నుంచి ఒక పిల్ల, వియ్యంకుడి దగ్గర నుంచి ఒక పిల్ల. కాబట్టి ఓడితే ఊరు ఓడినట్టు, గెలిస్తే మేనమామ కూడా గెలిచినట్టు. అప్పుడూ చెట్టు కింద వాదనలుండేవి కానీ వాటిలో పిల్లనిచ్చిన ఇల్లు, పుచ్చుకున్న ఇల్లు అనే మర్యాదలు అడ్డొచ్చేవి. "నీ మేనమామ పుంజు దండగ" అని మొహం మీద ఎవడనగలడు?

మా లైను వచ్చి ఆ మర్యాదని తుడిచేసింది. 1960లో జపాన్ ఉక్కు కంపెనీలతో ఒప్పందం కుదిరింది. బైలాడిలా కొండల ఇనుపరాయిని విశాఖ రేవుకి దింపడానికి అనంతగిరి కొండల్ని తొలిచి, 50కి పైగా సొరంగాలతో రైలుమార్గం వేశారు. 1968కల్లా కిరండూల్ గని నుంచి రాయి కదిలింది. దండకారణ్యం పేరు పెట్టిన రైలు ప్రాజెక్టు కాబట్టి దాన్ని అప్పటివాళ్ళు డీబీకే అనేవారు. పని చెయ్యడానికి విజయనగరం, శ్రీకాకుళం, విశాఖ నుంచి మనవాళ్ళు బళ్ళకొద్దీ వచ్చారు. కిరండూల్‌లో, బచేలీలో తెలుగు వాడలు లేచాయి, రామాలయాలు లేచాయి. నెల తిరిగేసరికి చేతిలో జీతం పడేవాళ్ళు బస్తర్‌లో అంతమంది ఒక్కచోట అంతకుముందు ఎప్పుడున్నారు?

జీతంతో పాటు పుంజులూ వచ్చాయి. సంక్రాంతికి ఊరెళ్ళినవాడు తిరుగు ప్రయాణంలో కిరండూల్ పాసింజరులో కాళ్ళ దగ్గర వెదురుబుట్ట పెట్టుకునేవాడు. బుట్టలోంచి తల బయటికి పెట్టి, శిమిలిగూడ చలికి ముడుచుకుపోయిన డేగల్ని, కాకుల్ని, నెమళ్ళని నేనే ఎన్నో చూశాను. మన కోనసీమ వాళ్ళ దగ్గర రంగుకో పేరు, రోజుకో రంగు, దిక్కుకో ఫలం అన్న కుక్కుటశాస్త్రం ఉంది కదా, అదీ బుట్టలోనే వచ్చింది. "ఇవాళ మధ్యాహ్నం మీద డేగ దింపకూడదు" అని మన రిగ్గు మేస్త్రీ ఒకడు భాంసిలో చెబితే, గోండు కుర్రాళ్ళు నోరు తెరుచుకుని విన్నారు. తరవాత ఆ డేగే గెలిచింది. శాస్త్రం తప్పలేదు, గడియారం తప్పిందని మేస్త్రీ సర్దుకున్నాడు.

దాంతో సంతలో రెండు పక్షాలు ఏర్పడ్డాయి. ఒక పక్షం ఇంటి పుంజు వాళ్ళు. పెట్ట ఎవరిదో, గుడ్డు ఎక్కడ పొదిగిందో, పిల్లప్పుడు ఏ గద్ద నుంచి తప్పించుకుందో తెలిసిన పుంజునే నమ్మాలంటారు. రెండో పక్షం బయటి పుంజు వాళ్ళు. పది నెలలు మేపి ఒక్క కత్తిపోటుకి పోగొట్టుకునే బదులు, గెలిచిన పుంజుని ఏకంగా కొనుక్కోవడం మేలంటారు. వాళ్ళ మాటలోనూ న్యాయముంది. ఇంట్లో పెంచిన పదింట్లో బరికి పనికొచ్చేవి ఒకటో రెండో. కానీ బయటి నుంచి వచ్చిన పుంజుకి ఇక్కడి నీళ్ళు పడవు, తిండి పడదు. కింద జొన్నలు, గంట్లు, బాదంపప్పు తిన్న ప్రాణం ఇక్కడ కోదో ధాన్యం చూసి ముక్కు తిప్పుకుంటుంది. కొన్న మొదటి నెలలో అది ఓడితే ఇంటి పక్షం వాళ్ళు వారం రోజులు నవ్వుతారు. గెలిస్తే బయటి పక్షం వాళ్ళు ఏడాది చెబుతారు.

సంతలో తెగేవి కోళ్ళ మాటలే అనుకోవద్దు. బస్తర్‌లో పెళ్ళి, అప్పు, భూమి, రాజు అన్నీ సంతలోనే నలుగుతాయి. 1961 మార్చి 31న, మహారాజు ప్రవీర్ చంద్ర భంజ్‌దేవ్‌ని ప్రభుత్వం నిర్బంధించినందుకు లోహండీగూడలో చేరిన ఆదివాసుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ఆ రోజు శుక్రవారం, సంత రోజు. ఐదేళ్ళ తరవాత, 1966 మార్చి 25న, జగదల్‌పూర్ రాజమహల్లోనే ప్రవీర్ కాల్పుల్లో పోయాడు. మా దాదా ఈ రెండు సంగతులూ చెప్పేటప్పుడు గొంతు తగ్గిస్తాడు. ఆ తరం వాళ్ళందరికీ ఆ అలవాటుంది. ఆ వెంటనే గొంతు పెంచి కోళ్ళ మాటకొస్తాడు.

సంతకి వాదనకి మధ్య ఉన్న ఈ బంధం ఎంత గట్టిదో 2005 తరవాత తెలిసింది. మావోయిస్టుల మీదికి ఊళ్ళవాళ్ళనే ఎగదోసిన సల్వా జుడుం మొదలయ్యాక దంతేవాడ, బీజాపూర్, కోంటా వైపు వందలాది ఊళ్ళు ఖాళీ అయ్యాయి. కొందర్ని రోడ్డు పక్క శిబిరాలకి తోలారు, కొందరు అడవిలోకి పోయారు, వేలమంది శబరి నది దాటి అప్పటి ఖమ్మం జిల్లాలోకి వచ్చేశారు. మనవాళ్ళు గుత్తికోయలంటున్నది వాళ్ళనే. 2011 జూలై 5న సుప్రీంకోర్టు ఆ వ్యవహారం చెల్లదని తీర్పు ఇచ్చింది కానీ, ఈ లోపల చాలా సంతలు మూతపడ్డాయి. కొన్ని పోలీసు క్యాంపుల పక్కకి జరిగాయి. కోడిపందెం గుంపులో తుపాకీ దాచుకుని ఎవడు నిలబడ్డాడో తెలియని రోజులవి. మా పాసింజరు బండినే చాలాసార్లు దంతేవాడలో ఆపేసేవాళ్ళు, ముందుకి పోనిచ్చేవాళ్ళు కారు. పందేలు ఆగిపోయాయని నేను బాధపడ్డానని కాదు. చెట్టు కింద పదిమంది కూచుని గట్టిగా మాట్లాడుకునే చోటు పోవడం మాత్రం పెద్ద నష్టమే. కోడి గురించి అరవడానికి జంకేవాడు ఇంక దేని గురించి నోరు విప్పుతాడు?

దీదీ అన్న కుటుంబం కోంటా వైపుది. వాళ్ళూ శబరి దాటారు. రాత్రికి రాత్రి బయల్దేరారట. ఆ ఇంటాయన తన రెండు పందెం పుంజుల్ని బుట్టలో పెట్టుకోబోతే, అతని భార్య వాటిని తీసేసి రెండు పెట్టల్ని పెట్టింది. పుంజులు ఆ ఊళ్ళోనే పోయాయి. అవతల రెండేళ్ళు మిరప తోటల్లో కూలి చేసి, చిన్న పాక వేసుకుని నిలదొక్కుకునేసరికి ఆ రెండు పెట్టల సంతానంలో బరికి దిగే పుంజులు తయారయ్యాయి. అవతల ఎవరిదో పుంజుకి వీళ్ళ పెట్ట, అంతే. ఈ కథ దీదీ చెప్పినప్పుడల్లా దాదా మధ్యలో అడ్డొచ్చి, ఆ రెండు పుంజుల్లో ఒకటి ఎన్ని పందేలు గెలిచిందో చెబుతాడు. దీదీ ఆగి, ఆయన అయిపోయేదాకా చూసి, మళ్ళీ పెట్టల దగ్గర్నుంచి అందుకుంటుంది.

అక్కడే నాకు ఒక సంగతి బోధపడింది. చెట్టు కింద మగవాళ్ళు ఏళ్ళ తరబడి కొట్టుకుంటున్నదంతా పుంజు గురించే. ఇంటిదా, బయటిదా, డేగా, కాకా అని. పుంజు పొడుగు తండ్రిదీ, పౌరుషం తల్లిదీ అని మన గోదావరి పెంపకందార్లూ చెబుతారు, ఇక్కడి పెద్దలూ చెబుతారు. కానీ పెట్టని సంతకి ఎవరూ తేరు. అది ఇంటి వెనక బూడిదలో పొర్లాడుతుంటుంది. దాన్ని ఎప్పుడు పొదగెయ్యాలి, ఏ గుడ్లు తియ్యాలి, ఏ పిల్లని పులుసు పెట్టాలి, ఏ పిల్లని ఉంచాలి అన్న తీర్మానాలన్నీ ఆడవాళ్ళవి. గుడ్డు డబ్బు కూడా వాళ్ళదే. ఓడినవాడు మళ్ళీ లేస్తాడా లేదా అన్నది తేల్చేవాళ్ళెవరూ ఆ చెట్టు కింద లేరన్నమాట.

చట్టం గురించీ రెండు ముక్కలు చెప్పాలి. వీధిలో పక్షుల్ని, జంతువుల్ని పోట్లాడించకూడదని 1867 నాటి జూద నిషేధ చట్టంలోనే రాశారు. 1960లో జంతుహింస నివారణ చట్టం వచ్చింది. 2014 మే 7న జల్లికట్టు కేసులో సుప్రీంకోర్టు జంతువుల పోరాటాల మీద గట్టిగానే మాట్లాడింది. సంక్రాంతి పందేల మీద హైదరాబాద్ హైకోర్టూ కన్నెర్ర చేసింది. కత్తి కట్టడం క్రూరమే, నేను దాన్ని సమర్థించను. ఒక పుంజు పేగులు పట్టుకుని యజమాని సూదీ దారంతో కుడుతుంటే చూసినవాడెవడూ సమర్థించడు. కానీ చట్టం వల్ల ఒక విచిత్రం జరిగింది. గోదావరి జిల్లాల్లో కట్టడి పెరిగినప్పుడల్లా కింది నుంచి పెద్ద పందెంరాయుళ్ళు కోంటా రోడ్డు మీదుగా పెద్ద కార్లలో పైకి వస్తారు. నోట్ల కట్టలతో బరి దగ్గర నిలబడతారు. గెలిచిన పుంజు కనబడితే ఉన్నపళాన కొనేస్తారు. చెట్టు కింద వాళ్ళు ఇప్పుడు రెండు విధాల నలిగిపోతున్నారు. కొనడానికి తమ దగ్గర డబ్బు లేదు. గెలిచిన తమ పుంజుని నిలుపుకోవడానికి మొండితనమూ లేదు.

గెలిచినదాన్ని అమ్ముకోవాలా, నిలుపుకోవాలా అన్న ఈ తగువు అమెరికాలోనూ ఉంది. మా అక్క కొడుకు డల్లాస్‌లో ఉంటాడు. అక్కడి బాస్కెట్‌బాల్ జట్టంటే ప్రాణం. 2025 ఫిబ్రవరిలో ఒకరోజు ఫోన్ చేసి, ఇంట్లో ఎవరో పోయినట్టు మాట్లాడాడు. లూకా డాన్సిచ్ అని వాళ్ళ జట్టు మొత్తాన్ని మోసినవాణ్ణి లాస్ ఏంజెలెస్‌కి ఇచ్చేశారట. అంతకుముందు ఏడాదే జట్టుని ఫైనల్స్ దాకా తీసుకెళ్ళినవాడు. బదులుగా ప్రధానంగా వచ్చినవాడు ఆంథొనీ డేవిస్. మా మేనల్లుడు ఆ జట్టుని మళ్ళీ ఎలా కట్టాలో నాకు గంట చెప్పాడు. ఎవరి కాంట్రాక్టు ఎప్పుడు తీరుతుంది, ఎవరు స్వేచ్ఛగా బజారులోకి వస్తారు, ఎవర్ని తెచ్చుకోవాలి, కుర్రాళ్ళని ఎప్పుడు దింపాలి అని. ఆటగాడు కాంట్రాక్టు తీరాక తనకి నచ్చిన చోటికి పోవచ్చన్న హక్కు కోసం ఆస్కార్ రాబర్ట్‌సన్ కోర్టుకెక్కాడనీ, అది 1976లో రాజీకి వచ్చిందనీ, 1988లో టామ్ ఛాంబర్స్ ఏ అడ్డూ లేకుండా జట్టు మారిన మొదటివాడనీ వాడే చెప్పాడు. అంతా విని దాదాకి హల్బీ భాషలో చెప్పాను. ఆయనకి బాస్కెట్‌బాల్ తెలీదు, పేర్లు పట్టుకోలేదు. ఒక్కటే అడిగాడు.

"ఇచ్చినవాడి వయసెంత?"

"ఇరవై ఐదు."

"వచ్చినవాడిది?"

"ముప్పై ఒకటి."

దాదా బీడీ ఆర్పేసి, "అమ్మినవాణ్ణి ఊళ్ళో ఉండనిచ్చారా?" అన్నాడు.

ఆ ఏడాది నవంబరులో డల్లాస్ మేనేజరు నికో హారిసన్‌ని తీసేశారు. అప్పుడు నేనే పోయి దాదాకి చెప్పాను. అంత ఆలస్యమెందుకైంది అన్నాడు. ఈ మధ్యలో ఆ జట్టుకి అదృష్టం కొద్దీ మొదటి ఎంపిక దక్కి, జూన్‌లో కూపర్ ఫ్లాగ్ అనే కుర్రాడు వచ్చాడు. అప్పటికి పద్ధెనిమిదేళ్ళవాడు. మా మేనల్లుడు ఇప్పుడు ఇంటి పక్షంలోకి మారిపోయాడు, కుర్రాణ్ణి పెంచుకోవాలంటాడు. అయితే మనిషికీ పుంజుకీ ఒక తేడా ఉంది, దాన్ని దాటెయ్యకూడదు. రాబర్ట్‌సన్ కోర్టుకి పోగలిగాడు. పుంజు ఎటూ పోలేదు, బుట్టలో పెట్టినవాడి వెంట పోవడమే.

కోడికి హక్కుదారు ఎవరన్న తగువు రాష్ట్రాల దాకా కూడా పోయింది. నల్లమాంసపు కడక్‌నాథ్ కోడి మాదంటే మాదని మధ్యప్రదేశ్ ఝాబువా తరఫున, మన దంతేవాడ తరఫున 2018లో వాదులాడుకున్నారు. భౌగోళిక గుర్తింపు చివరికి ఝాబువాకి దక్కింది. దంతేవాడలో ఆ కోళ్ళని పెంచింది ఎక్కువగా మహిళా సంఘాలే. కడక్‌నాథ్ పందెం కోడి కాదు, కూర కోడి. పందెం వాళ్ళకి దాని మీద చిన్నచూపు. పందేల్లో దిగేది అసీల్ జాతి. జాతీయ పశు జన్యు వనరుల సంస్థ దాని సొంత ప్రాంతం కింద ఛత్తీస్‌గఢ్, ఒడిశా, ఆంధ్రప్రదేశ్ మూడింటినీ రాసుకుంది. దండకారణ్యం చుట్టూ ఉన్న అడవి, కొండ, గోదావరి ఒడ్డు అంతా కలిపి దానికి ఒకటే ఊరు. ఇంటి పుంజా, బయటి పుంజా అని ఇన్నేళ్ళు కొట్టుకున్నవాళ్ళు ఆ మాట వింటే ఏమంటారో అని దాదాకి చెప్పాను. "కాగితం మీద రాసినవాడు ఎప్పుడైనా పుంజుని చేత్తో ఎత్తాడా?" అని ఒక్క మాటలో కొట్టేశాడు.

మొన్న చలికాలంలో కింది నుంచి ఒకాయన వచ్చాడు. భీమవరం వైపు మాట, తెల్ల చొక్కా. దాదా పుంజు వరసగా గెలుస్తోందని సంతలో విని, ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. తెలుగువాణ్ణి కదా అని నన్ను మధ్యవర్తిగా కూచోబెట్టాడు. ముందు పుంజు అడిగాడు. దాదా ఊగిసలాడాడు. ఆయన రేటు పెంచాడు. అప్పుడు పెరట్లో పెట్టని చూశాడు. తెలివైనవాడు, వెంటనే పుంజు మాట వదిలేసి దాన్ని అడిగాడు. పుంజుకి చెప్పినదానికి రెట్టింపు అన్నాడు. దాదా కళ్ళు మెరిశాయి. నేను తర్జుమా చేసేలోపే దీదీకి అర్థమైపోయింది. చేట పక్కన పెట్టి లేచి వచ్చింది.

"పుంజు కావాలంటే పట్టుకుపొమ్మనండి గార్డ్‌బాబూ, అది ఈయనది" అంది. "పెట్ట నాది. గుడ్డు కూడా ఇవ్వను."

ఆయన కాసేపు నచ్చజెప్పాడు, టీ తాగాడు, పుంజుని మాత్రం కొనుక్కుని కారెక్కాడు. ఆ సోమవారం తోకాపాల్ చెట్టు కింద దీదీ చేసింది తెలివా, తెలివితక్కువా అన్న వాదన లేచింది. అంత డబ్బు ఎవడొదులుకుంటాడని ఒక పక్షం. మూడేళ్ళ పెట్ట ఇంక ఎన్ని గుడ్లు పెడుతుందని లెక్క కట్టిన పక్షం ఇంకోటి. దాదా రెండు పక్షాల్లోనూ కూచుని వచ్చాడు. దీదీని ఎవరూ అడగలేదు. ఆవిడ అప్పటికే పదకొండు గుడ్లు పొదగేసి, బుట్ట మీద గోనె కప్పి, పిల్లి రాకుండా రాయి పెట్టింది.